ములుగు అడవిలో గుడి, చెరువు, గద్దె

తెలంగాణకు ఈశాన్యపు అంచున, గోదావరికి ఇరువైపులా విస్తరించి ఛత్తీస్‌గఢ్ సరిహద్దును తాకే ములుగు, 2019 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా నుంచి విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. టేకు, మద్ది, ఇప్ప, వెదురు పెరిగే అడవులు ఈ జిల్లాలో అధిక భాగాన్ని కప్పి ఉన్నాయి. ఏటూరునాగారం అభయారణ్యం ఈ అడవుల్లోనిదే. యాత్రికులు సాధారణంగా ఇక్కడికి రామప్ప గుడి కోసమో, మేడారం జాతర కోసమో వస్తారు. ఒకదానికి వచ్చినవారు రెండోదాన్ని చూడకుండా తిరిగి వెళ్ళడం ఎక్కువ. అయితే కాకతీయులను గుడి కట్టించి చెరువు తవ్వించిన పాలకులుగా ఒక ఊరు, కప్పం కోసం సైన్యాన్ని పంపిన పాలకులుగా మరొక ఊరు తలుచుకునే ప్రాంతం ఇది కనుక, రెండూ చూసినవారికే ఇక్కడి చరిత్ర నిండుగా అర్థమవుతుంది.

వెంకటాపూర్ మండలంలోని పాలంపేటలో ఉన్న రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినట్లు ఆలయ ప్రాంగణంలోని సంస్కృత శాసనం తెలుపుతుంది. దాని కాలం శక సంవత్సరం 1135, అంటే క్రీస్తుశకం 1213. నిర్మాణం ఆ తర్వాత దాదాపు 40 ఏళ్ళు సాగిందని పండితుల అంచనా. గర్భగుడిలోని దేవుడు రుద్రేశ్వరుడు, జనవాడుకలో రామలింగేశ్వరుడు. గుడికి మాత్రం దాన్ని మలిచిన శిల్పిదని చెప్పుకునే రామప్ప పేరే స్థిరపడింది. కట్టించిన ప్రభువు పేరు శాసనంలో ఉండగా, ఉలి పట్టిన మనిషి పేరును జనం తరతరాలుగా నోట నిలుపుకోవడం మన దేశంలో అరుదైన గౌరవం.

ఆలయం నక్షత్రాకారపు ఎత్తయిన అరుగు మీద, తూర్పు ముఖంగా, మూడు దిక్కుల ప్రవేశ ద్వారాలతో నిలిచి ఉంటుంది. గోడలకు ఎర్రని ఇసుకరాయిని, సూక్ష్మమైన చెక్కడం అవసరమైన చోట్ల నల్లని గట్టి రాయిని వాడారు. గుడి వెలుపల చూరు కింద, స్తంభాలకూ కప్పుకూ మధ్య ఏటవాలుగా నిలిపిన నల్లరాతి స్త్రీమూర్తులను మదనికలు అంటారు. మూడు ద్వారాల దగ్గర మొత్తం 12 మంది మదనికలు ఉన్నారు. వారిలో ఒకరి ఒంటికి పాములు చుట్టుకుని ఉంటాయి, ఒకరు ఎత్తుమడమల పాదరక్షలు తొడుక్కుని ఉంటారు, మరొకరి చీరకొంగును కోతి లాగుతుంటుంది. ఎనిమిది శతాబ్దాల ఎండావానలు సోకినా ఆ రాతి మీద నునుపు ఈనాటికీ తగ్గలేదు. లోపలి రంగమండపంలో గుండ్రని వేదిక చుట్టూ నిలిచిన నాలుగు స్తంభాల మీద దారం దూరేటంత సన్నని రంధ్రాలు కూడా తొలిచారు. అలాంటి రంధ్రం ఒక్కటి తొలిచేటప్పుడు చేయి కొద్దిగా తప్పినా అప్పటిదాకా చెక్కిన పనంతా వృథా అయ్యేదని గుర్తుంచుకుని చూస్తే, ఆ శిల్పుల నిగ్రహం ఎంతటిదో తెలుస్తుంది.

రామప్ప నిర్మాణంలో తరచుగా ప్రస్తావనకు వచ్చే అంశాలు రెండు. మొదటిది పునాది. గోతిని తవ్వి, అందులో ఇసుక పోసి గట్టిపరచి, ఆ ఇసుక పొర మీద రాతి కట్టడాన్ని నిలిపారు. భూమి కదిలినప్పుడు ఆ కుదుపులో కొంత భాగాన్ని ఇసుక తనలోనే అణచుకుని, రాళ్ళ దాకా పోనివ్వదన్నది ఈ పద్ధతిలోని ఆలోచన. 2024 డిసెంబరు 4న ఇదే జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిన సంగతిని తలుచుకుంటే, అది పుస్తకాలకే పరిమితమైన ఆలోచన కాదని బోధపడుతుంది. రెండోది శిఖరం. గర్భగుడిపై బరువు తగ్గించడానికి విమానాన్ని రాతితో కాక, లోపల గాలి గదులు ఉండేలా కాల్చిన తేలికపాటి ఇటుకలతో కట్టారు. నీటిలో వేస్తే తేలే ఈ ఇటుకల వల్లనే రామప్ప పేరు చాలామందికి తెలిసింది. 2021 జూలై 25న యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం ఇదే.

ఆలయ శిల్పాల్లోని నృత్య భంగిమలకూ, గణపతిదేవుని గజసేనాధిపతి జాయప 13వ శతాబ్ది మధ్యలో రచించిన ‘నృత్తరత్నావళి’కీ మధ్య సంబంధాన్ని పరిశీలించి, నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవానికి తిరిగి రూపం కల్పించారు. వీరులు చేసే నాట్యంగా పేరున్న ఆ ప్రదర్శన కళ మళ్ళీ రంగస్థలం మీదికి రావడానికి ఈ రాతిబొమ్మలు కూడా ఒక ఆధారమయ్యాయి.

గుడిని చూసినవారు చెరువును చూడకుండా వెళ్ళకూడదు. గుడి, ఊరు, చెరువు మూడింటినీ కలిపి తలపెట్టడం కాకతీయుల పద్ధతి. రామప్ప చెరువు రేచర్ల రుద్రుని కాలం నాటిదే. రెండు గుట్టల మధ్య ఉన్న ఖాళీలో మట్టికట్ట వేసి వాగు నీటిని ఆపి, తూముల ద్వారా పొలాలకు వదిలి, చెరువు నిండాక మిగిలిన నీరు కట్ట తెగకుండా బయటికి పోయేందుకు మత్తడి కట్టారు. ఎగువన అడవి ఉన్నంతకాలం వానకు మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడిపోయే ప్రమాదం తక్కువ కనుక, ఈ చెరువుల మనుగడ అడవితోనే ముడిపడి ఉంది. నేటికీ ఈ ఆయకట్టులో వరి పండుతోంది. గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు కూడా కాకతీయుల కాలపుదే. కొండల మధ్య నీరు, నీటి మధ్య దీవులు, వాటిని కలిపే వేలాడే వంతెనలు ఉండడంతో అది ఇప్పుడు విహారకేంద్రంగా మారింది. అక్కడికి వెళ్ళేవారిలో ఎక్కువమంది వంతెన మీద ఫొటోలు దిగి తిరిగి వస్తారు. కట్ట మీద కాసేపు నడిచి తూమును కూడా చూస్తే ఆ చెరువు ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

మేడారం కథ కూడా నీటి చుట్టూనే తిరుగుతుంది. అది శాసనాల్లో నమోదైన చరిత్ర కాదు, కోయల పాటల్లో, పూజారుల నోళ్ళలో నిలిచిన గాథ. అడవిలో పులుల మధ్య దొరికిన పసిబిడ్డను కోయ దొర తెచ్చి పెంచాడు. ఆమే సమ్మక్క. పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్ళాడింది. వానలు లేక కరువు వచ్చిన కాలంలో పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోగా, కాకతీయ రాజు ప్రతాపరుద్రుని సైన్యం మేడారం మీదికి వచ్చింది. ఆ పోరులో పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు మరణించారు; కొడుకు జంపన్న శత్రువుకు చిక్కడం ఇష్టంలేక సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు. ఆనాటి నుంచి అది జంపన్న వాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి అదృశ్యం కాగా, వెతుక్కుంటూ వెళ్ళినవారికి అక్కడ కుంకుమ భరిణ కనిపించిందని కోయల విశ్వాసం.

రెండేళ్ళకు ఒకసారి మాఘమాసంలో పౌర్ణమి దినాల్లో జరిగే జాతర ఈ గాథనే నాలుగు రోజుల పాటు మళ్ళీ నడిపిస్తుంది. బుధవారం సాయంత్రం కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెకు తెస్తారు. గద్దె అంటే దేవతను నిలిపే వేదిక. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు కూడా అప్పటికి చేరుకుంటారు. గురువారం కోయ పూజారి చిలకలగుట్ట మీద పూజ జరిపి, సమ్మక్కను కుంకుమ భరిణ రూపంలో కిందికి తెస్తాడు. ఆ సమయంలో పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి ప్రభుత్వ వందనం సమర్పిస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం, అంటే దేవతలు తిరిగి అడవికి చేరడం. ఇక్కడ చెక్కిన విగ్రహం లేదు, గర్భగుడి లేదు, వేదమంత్రాలు లేవు. గద్దె మీద నిలిపే వెదురుకర్ర, పసుపు కుంకుమలు, డప్పుల చప్పుడు, శివసత్తుల పూనకం, ఇంతే. భక్తులు జంపన్న వాగులో స్నానం చేసి, తమ ఎత్తు బెల్లాన్ని తూచి సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని ఇక్కడ ‘బంగారం’ అంటారు. కోటికి పైగా జనం వస్తారని అధికారులు చెప్పే ఈ జాతరలో తొలి హక్కు ఇప్పటికీ కోయ పూజారులదే కావడం గమనించవలసిన విషయం. ఒకప్పుడు ఓడిపోయినవారి పేరు ఇన్ని శతాబ్దాల తర్వాత ఇంతమంది నోట వినిపించడం కంటే పెద్ద స్మారకం ఏ ప్రభువుకూ దక్కలేదు.

ఈ రెండింటికంటే పురాతనమైన ఆనవాళ్ళు తాడ్వాయి మండలం దామరవాయి గుట్ట మీద ఉన్నాయి. పెద్ద పెద్ద రాతి పలకలను నిలబెట్టి, పైన మరో పలకను కప్పుగా పరిచిన ఈ సమాధులను జనం రాకాసి గూళ్ళు అంటారు. చరిత్రకారులు వాటిని ఇనుపయుగపు మనుషుల సమాధులుగా గుర్తించారు. దారి అంత సులువు కాదు కనుక, ఊరివారిని వెంటబెట్టుకుని వెళ్ళడం మంచిది.

మంగపేట మండలంలోని మల్లూరు కొండ మీద హేమాచల లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. మూలవిరాట్టు శరీరం తాకితే మెత్తగా ఉంటుందని భక్తుల నమ్మకం. స్వామి నాభికి అద్దిన చందనాన్ని ప్రసాదంగా ఇస్తారు. కొండ మీది చెట్ల మధ్య నుంచి పారే చింతామణి ధార నీటిని యాత్రికులు సీసాల్లో పట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. గోదావరి అవతల, వాజేడు మండలంలోని బొగత జలపాతాన్ని చూడాలంటే ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీదుగా వెళ్ళాలి. వానలు బాగా పడ్డ తర్వాత, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, చీకుపల్లి వాగు వెడల్పాటి రాతి అంచు మీది నుంచి దూకుతుంది. నీటి ఉధృతి పెరిగిన రోజుల్లో దగ్గరికి వెళ్ళనివ్వరు, ఆ కట్టుబాటును తప్పకుండా పాటించాలి.

బొగత వానాకాలపు దృశ్యం, మేడారం మాఘమాసపు జాతర, కనుక ఒకే ప్రయాణంలో రెండింటినీ నిండుగా చూడడం కుదరదు. రామప్ప, లక్నవరం, మల్లూరు మాత్రం ఏ కాలంలోనైనా చూడవచ్చు. జాతర రోజుల్లో వెళ్ళేవారు అడవి పరిస్థితిని కూడా తెలుసుకుని వెళ్ళాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య వీచిన పెనుగాలికి వందల ఎకరాల్లో వేలాది చెట్లు నేలకూలాయి. ఆ ఖాళీల్లో ఇప్పుడు మొలకలు లేస్తున్నాయి. మాఘం నాటికి ఆకు రాలి ఎండడం మొదలవుతుంది కనుక, విడిదిలో వండుకున్న పొయ్యి నిప్పు కొంచెం మిగిలినా మంట నేలబారుగా పాకి ముందుగా ఆ మొలకలనే కాలుస్తుంది. అందువల్ల బయలుదేరే ముందు పొయ్యిలో నీళ్ళు పోసి బూడిదను కలియబెట్టి చూసుకోవడం, కట్టెలను అడవిలో కొట్టకుండా వెంట తెచ్చుకోవడం, పళ్ళేలూ కవర్లూ తిరిగి బండిలో వేసుకోవడం ప్రతి యాత్రికుడూ చేయవలసిన పనులు.