పొయ్యి మీద కషాయము, చేతిలో ఆట



రెండేళ్ళ క్రితము ఆషాఢ మాసములో నరసరావుపేటలోని మా వైద్యశాలకు ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చినారు. ఆయనకు ఎరువుల దుకాణము ఉన్నది. కుర్రవానికి పదిహేడేళ్ళు, ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరము. కళ్ళమంటలు, తలనొప్పి, మలబద్ధకము, అన్నము మీద అయిష్టత. నాడి చూస్తే వాతపిత్తములు రెండూ ప్రకోపించి ఉన్నవి.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటావు నాయనా?" అని అడిగినాను. వాడు తల వంచుకొన్నాడు. తండ్రే సమాధానము చెప్పినారు. "తెల్లవారుజామున మూడింటి దాకా సెల్‌ఫోనులో తుపాకుల ఆటేనండీ. మేము లేచే వేళకు వీడు పడుకుంటాడు."

"అయితే ఈ రోజే ఫోను తీసివేయండి, మళ్ళీ చేతికివ్వకండి" అని చెప్పి, మందులు కట్టి పంపినాను. ఆ రాత్రే తండ్రి ఫోనును నేలకేసి కొట్టినారు. మూడవనాడు పిల్లవాడు ఇల్లు విడిచి పోయినాడు. రెండు రాత్రులు ఆ తల్లి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చివరకు పిడుగురాళ్ల రైల్వే స్టేషనులో బల్ల మీద కూర్చొని కనిపించినాడు.

ఆ పొరపాటు తండ్రిది కాదు, నాది. చదివిన శాస్త్రమును మరచి చెప్పిన సలహా అది.

శాస్త్రము ఏమన్నది?

అలవాటైన అపథ్యమును ఒక్కసారిగా మానిపించరాదని చరక సంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయములో ఉన్నది. నాలుగింట ఒక వంతు తగ్గించవలెను, ఆ ఖాళీలో ఒక వంతు పథ్యమును చేర్చవలెను, కొంత వ్యవధి ఇచ్చి మరొక వంతు తగ్గించవలెను. దీనినే పాదాంశ క్రమము అంటారు. శరీరమునకు అలవాటైనది చెడ్డదే అయినను, హఠాత్తుగా తీసివేస్తే కొత్త వికారములు పుట్టును. నల్లమందు తినేవారి విషయములోను, పొగాకు నమిలేవారి విషయములోను ఈ సూత్రమును నేను ఎన్నోసార్లు పాటించినాను. సెల్‌ఫోను వద్దకు వచ్చేసరికి మరచినాను.

నిజానికి ఈ పాఠము గురుకులములో నాకు అనుభవముతోనే అబ్బినది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. పులి-మేక ఆట అంటే పిచ్చి. ఒకనాడు పొయ్యి మీద కషాయము ఉంచి, అరుగు మీద గీసిన గళ్ళ వద్ద కూర్చొన్నాను. నాలుగవ వంతు మిగలవలసిన కషాయము అడుగంటి మాడిపోయినది. గురువుగారు కొట్టలేదు, గళ్ళు చెరపలేదు. "ఆట మానమని నేననను. పొయ్యి మీద కషాయము ఉన్నంతసేపు మాత్రము ఆట లేదు. దించి, వడగట్టి, గిన్నె కడిగి, అప్పుడు ఆడుకో" అన్నారు. నెల తిరిగేసరికి ఆటకు వేళ ఏర్పడినది, పనికి వేళ ఏర్పడినది.

పల్నాటికి తెలిసిన రెండు ఆటలు

మన సీమకు ఆటల మంచిచెడ్డలు కొత్త కాదు. 12వ శతాబ్దమునాటి పల్నాటి వీరుల కథలో రెండు ఆటలు ఉన్నవి. మొదటిది కోడిపందెము. ఆ పందెములో ఓడి బ్రహ్మనాయుని పక్షము వారు ఏడేళ్ళు మాచర్ల విడిచి పోవలసి వచ్చినది. ఆ పగ కారంపూడి రణరంగము దాకా పోయినది. రెండవది బాలచంద్రుని బొంగరాలాట. అతని బొంగరము ఒక స్త్రీకి తగిలి గాయమైనది. ఆమె మాటల వలన తనవారు యుద్ధరంగములో ఉన్న సంగతి గ్రహించి, ఆట విడిచి లేచినాడు.

నేటి ఆన్‌లైన్ ఆటలలోను ఈ రెండు జాతులు ఉన్నవి. డబ్బు ఒడ్డి ఆడే రమ్మీ, పోకర్ వంటివి కోడిపందెము జాతి. వీటికి పాదాంశ క్రమము వర్తించదు, పూర్తిగా విడువవలసినదే. మన రాష్ట్ర ప్రభుత్వము 2020లో వీటిని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టము చేసినది. ఇందులో పడి పొలములు తాకట్టు పెట్టేవారు పిల్లలు కారు, పెద్దలే.

పందెము లేని ఆటలు బొంగరాలాట జాతి. వాటిలో దోషము ఆటది కాదు, మాత్రది. పిలుపు వినబడినప్పుడు లేవగలిగితే అది వినోదము. లేవలేకపోతే వ్యసనము.

వ్యాధి ఎట్లు పుట్టును?

ఇంద్రియములను మితిమీరి వాడుట అతియోగము. రెప్ప వేయక తెరను చూచుట వలన కళ్ళు ఎండి మండును. ఆట మధ్యలో లేవలేక మూత్రమును, ఆకలిని, దప్పికను, నిద్రను ఆపుకొందురు. ఆపరాని పదమూడు వేగములలో ఇవి ఉన్నవి. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడు ఉపస్తంభములలో మొదటి రెండూ కూలిపోవును. హితము తెలిసి కూడా అహితము చేయుటను ప్రజ్ఞాపరాధము అన్నారు. "ఇంకొక్క ఆట" అనుటయే అది.

ఆధునిక వైద్యము కూడా దీనిని గుర్తించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో 2022 జనవరి నుండి ఆటల వ్యసనమునకు స్థానము కలదు. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటే ముఖ్యమగుట, నష్టము కనబడుచున్నను మానలేకపోవుట దాని లక్షణములు. సాధారణముగా పన్నెండు నెలలపాటు ఇవి కనిపించినప్పుడే ఆ పేరు పెడతారు. సెలవులలో నాలుగు రోజులు ఎక్కువ ఆడిన పిల్లవానికి ఆ ముద్ర వేయవద్దు.

పాదాంశ క్రమము - ఇంట్లో ఆచరించు విధానము

ముందు మూడు రోజులు ఏమీ అనకుండా, ఎన్ని గంటలు ఆడుచున్నాడో పిల్లవాని చేతనే వ్రాయించండి. నాలుగు గంటలైతే మొదటి వారము మూడు గంటలు, రెండవ వారము అదే నిలుపవలెను. తరువాత రెండు గంటలు, మళ్ళీ నిలకడ. చివరకు ఒక గంట. శాస్త్రములో వ్యవధి దినములలో ఉన్నది, ఈ వ్యసనమునకు నేను వారములు పెట్టినాను.

మొదట తీయవలసినది రాత్రి పది దాటిన ఆట. తీసిన ప్రతి గంటలోను ఒక పని చేర్చవలెను. దుకాణములో కూర్చొనుట, గేదెకు మేత వేయుట, మైదానములో కబడ్డీ, ఏదైనా సరే. ఖాళీగా వదిలితే వాత ప్రకోపమే.

రాత్రి ఇంటిల్లిపాది ఫోనులు ఒకే చోట పెట్టవలెను. తండ్రి ఫోను తండ్రి చేతిలోనే ఉంటే ఈ చికిత్స ఫలించదు.

గృహ చికిత్సలు

* పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళు పది నిమిషములు మర్దనా చేయవలెను. తల్లి గాని తండ్రి గాని చేస్తే మరీ మంచిది.
* రాత్రి ఒక గ్లాసు గోరువెచ్చని గేదెపాలు, కొద్దిగా పటికబెల్లముతో. నిద్ర పట్టించుటలో గేదెపాలు శ్రేష్ఠమని శాస్త్రము. కఫము, అజీర్ణము ఉన్నవారికి వద్దు.
* మలబద్ధకమునకు పదిహేను ఎండుద్రాక్షలు రాత్రి నానబెట్టి, ఉదయము నమిలి తిని, ఆ నీరు త్రాగవలెను.
* ప్రతి ఇరవై నిమిషములకు ఒకసారి తెర వదలి దూరముగా ఉన్న చెట్టును చూడవలెను. కళ్ళలో ఇంట్లో తయారుచేసిన చుక్కలు వేయవద్దు.

పిల్లవాడు ఎవరితోను మాట్లాడక, భోజనము మాని, చనిపోతానని అన్నచో ఈ చిట్కాలతో కాలయాపన చేయవద్దు. వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకొని పోవలెను. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి-మానస్ వారు ఉచితముగా సలహా ఇస్తారు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

పిడుగురాళ్లలో దొరికిన ఆ పిల్లవానికి నేను క్షమాపణ చెప్పుకొన్నాను. తండ్రి చేత మరొక ఫోను కొనిపించి, మొదటి నుండి పాదాంశ క్రమములో వైద్యము చేసినాను. నడుమ రెండుసార్లు తప్పినాడు, మళ్ళీ మొదలుపెట్టినాము. ఐదు నెలలు పట్టినది. ఈనాటికీ రాత్రి భోజనమునకు ముందు ఒక గంట ఆడుకొంటాడు. ఉదయము దుకాణము తలుపులు తీసేది మాత్రము వాడే. మొన్న మందుల కొరకు వచ్చినప్పుడు వాళ్ళ నాన్నగారు ఒక మాట చెప్పినారు. "అరికాళ్ళకు నూనె రాసేటప్పుడే మావాడు నాతో మాట్లాడుతున్నాడండీ."

మందు ఏది పనిచేసినదని అడిగితే, నేను ముందు ఆ నూనె పేరే చెబుతాను.