మీకు తెలుసా? బాత్రూమ్ మరమ్మతులో కంటికి కనిపించని పద్దు
హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల అపార్టుమెంట్లలో పడకగదికి ఆనుకొని ఉండే బాత్రూమ్‌ను తిరిగి కట్టించదలచినవారు సాధారణంగా టైల్స్, కుళాయిల ధరలతోనే లెక్క మొదలుపెడతారు. కానీ పని నాణ్యత ప్రధానంగా నేల కింద దాగి ఉండే పొరపైనే ఆధారపడుతుంది. మురుగు గొట్టాలు పట్టేందుకు చాలా భవనాల్లో ఆ గది స్లాబును మిగతా గదులకన్నా కిందికి దించి పోస్తారు. దీనినే సంకెన్ స్లాబ్ అంటారు. పాత టైల్స్ పగలగొట్టినప్పుడు వాటర్‌ప్రూఫింగ్, అంటే నీరు ఇంకకుండా వేసిన పూత, దెబ్బతినే అవకాశం ఎక్కువ కనుక దానిని కొత్తగా వేయించి, నేలపై కనీసం 24 గంటలు నీరు నిలబెట్టి, కింది ఇంటి పైకప్పుకు చెమ్మ దిగలేదని చూసుకున్న తరువాతే టైల్స్ పరచాలి (కింది వాటావారితో ముందే మాట్లాడి ఉంచుకోవడం మేలు).

టైల్స్ లెక్కలోనూ గోడలదే పెద్ద వాటా. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గదిలో నేల 40 చదరపు అడుగులే అయినా, 7 అడుగుల ఎత్తు వరకు గోడలకు, రెండున్నర అడుగుల తలుపును మినహాయించినా, సుమారు 165 చదరపు అడుగులు పడతాయి. కోతలో పోయే తరుగుకు మరో పదో వంతు కలిపితే మొత్తం 225 అవుతుంది. కమోడ్‌ను ఉన్నచోటనే ఉంచితే, మురుగు గొట్టాన్ని సరైన వాలుతో మళ్లీ వేయించే ఖర్చు తప్పుతుంది.