అమెరికా రేడియో, టీవీ స్టేషన్ల పేర్లు డబ్ల్యూ, కె తోనే ఎందుకు మొదలవుతాయి?

డబ్ల్యూజీఎన్, కేడీకేఏ, డబ్ల్యూఎస్ఎం... అమెరికా స్టేషన్ల పేర్లు వింటే ఏదో పాస్‌వర్డ్‌లా ఉంటాయి కదా! వీటిని కాల్ లెటర్స్ అంటారు. మన ఫోన్‌కి ఐఎంఈఐ నంబర్ ఎలాగో, స్టేషన్‌కి ఇవి అలాగన్నమాట. ఒకరిది ఇంకొకరికి ఉండకూడదు.

అసలు కథ సముద్రంలో మొదలైంది. తొలి రోజుల్లో వైర్‌లెస్ ఆపరేటర్లు తమకు నచ్చిన అక్షరాలే పెట్టుకునేవారు. రెండు ఓడలు ఒకే అక్షరాలు వాడితే? సాయం అడుగుతున్నది ఎవరో తెలియదు! 1912 ఏప్రిల్‌లో మునిగిన టైటానిక్ కాల్‌సైన్ ఎంజీవై. అందులో ఎం అంటే మార్కోనీ కంపెనీ. అంటే ఆ అక్షరం కంపెనీని చెప్పేది, దేశాన్ని కాదు.

అదే ఏడాది లండన్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ తర్వాత మొదటి అక్షరాలను దేశాలకు పంచేశారు. అమెరికాకు ఎన్, డబ్ల్యూ పూర్తిగా, కె లో చాలా భాగం దక్కాయి. ఎన్ నేవీకి వెళ్లింది. మిగతా రెండిటిలో తూర్పు స్టేషన్లకు డబ్ల్యూ, పడమటి వాటికి కె ఇచ్చారు.

1923లో మిసిసిపి నదిని సరిహద్దు చేశారు. అయితే పాత స్టేషన్ల పేర్లు మార్చలేదు. అందుకే నదికి పడమటనున్న డాలస్‌లో డబ్ల్యూఎఫ్ఏఏ ఇప్పటికీ ఉంది. 1920లో మొదలైన పిట్స్‌బర్గ్ కేడీకేఏ తూర్పున ఉన్నా కె తోనే నడుస్తోంది.

కంపెనీలు దీన్ని ఫ్రీ పబ్లిసిటీగా కూడా వాడేశాయి. షికాగో ట్రిబ్యూన్ పత్రిక స్టేషన్ డబ్ల్యూజీఎన్ అంటే ‘వరల్డ్స్ గ్రేటెస్ట్ న్యూస్‌పేపర్’. సియర్స్ స్టోర్ వాళ్ల డబ్ల్యూఎల్ఎస్ అంటే ‘వరల్డ్స్ లార్జెస్ట్ స్టోర్’. నాష్‌విల్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టిన డబ్ల్యూఎస్ఎం అంటే ‘వి షీల్డ్ మిలియన్స్’!

మరి మన సంగతి? మన విమానాల మీద కనిపించే వీటీ, హామ్ రేడియో వాళ్ల వీయూ ఈ పంపకంలో ఇండియాకు వచ్చినవే. 2004 సునామీ అప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4 కాల్‌సైన్‌తో హామ్ ఆపరేటర్లే బయటి ప్రపంచానికి కబురు అందించారు. నెట్‌వర్క్ పోయినప్పుడు మాట్లాడుతున్నది ఎవరో, ఎక్కడివారో చెప్పడానికి ఆ నాలుగైదు అక్షరాలే దిక్కు. అవి పుట్టిందే అందుకు!