‘మీ ఇష్టమండీ’ వెనక

నూజివీడు వైపు మామిడి కాటా దగ్గర, తూకంలో తరుగు ఎంత తీశారని అడగకుండా తల దించుకుని ‘మీ ఇష్టమండీ’ అనే రైతును మర్యాదస్తుడంటాం. ఇంటికెళ్లి ఆయన భార్య మీద రుసరుసలాడితే అది మర్యాద కాదు, మింగిన కోపం. కాటావాడిని తిట్టిపోయడమూ తెగువ కాదు. ‘తరుగు ముందే చెప్పండి, చీటీ మీద రాయండి’ అని మొహం చూసి నిదానంగా అనడమే నిక్కచ్చితనం. అమెరికాలో ఆల్బర్టీ, ఎమ్మన్స్ ఈ నిక్కచ్చితనం మీద 1970లో రాసిన పుస్తకం చెప్పిందీ దాదాపు ఇదే: ఎదుటివాడి హక్కు తొక్కకుండా మన హక్కు నిలుపుకోవడం.

వ్యాపారి దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్నవాడికి నోరెలా లేస్తుందంటారా? నిజమే, అప్పు బరువును మాటతీరు దించదు. కోసిన బంగినపల్లి బేరం తెగేదాకా ఆగదు కూడా. అందుకే ఆ మౌనాన్ని పిరికితనమనడం అన్యాయం. కానీ చీటీ అడగడానికి అప్పు తీరనక్కర్లేదు. వచ్చే కోతకు అడిగి చూడండి.