మబ్బు పడితే చేపలు పైకెందుకు వస్తాయి?

వాన వచ్చేముందు చేపలు గాలానికి బాగా పడతాయని జాలర్లు అనటం మీరు వినే ఉంటారు. గాలి పీడనం తగ్గటమే దీనికి కారణమని చాలామంది నమ్మకం. అది నిజమేనా? చిన్న లెక్క వేసి చూద్దాం.

సముద్రమట్టం వద్ద సగటు గాలి పీడనం 1,013 మిల్లీబార్లు. 10.3 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం కలిగించే పీడనం కూడా దాదాపు ఇంతే. అంటే ఒక మిల్లీబారు ఒక సెంటీమీటరు నీటికి సమానమన్నమాట. ముసురు పట్టినప్పుడు పీడనం 10 మిల్లీబార్లు తగ్గిందనుకోండి. చేప 10 సెంటీమీటర్లు కిందికి దిగితే చాలు, ఆ తేడా తీరిపోతుంది! రోజూ అంతకన్నా ఎన్నోరెట్లు పైకీ కిందికీ తిరిగే చేపకు ఇది లెక్కలోనిది కాదు.

మరి అసలు కారణాలేమిటి? మొదటిది వెలుతురు. పండుగప్ప వంటి వేటచేపలు ఎండవేళ రేవు స్తంభాల నీడలో పొంచి ఉంటాయి. మబ్బు కమ్మగానే అంతటా నీడే కాబట్టి అవి స్తంభాలను విడిచి తిరుగుతాయి.

రెండవది ఆక్సిజన్. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీరు గాలి నుంచి సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకోగలదు. 30 డిగ్రీల వద్ద ఇది 7.6కు పడిపోతుంది. పగలు నీటిలోని సూక్ష్మమైన మొక్కలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా మరికొంత ఆక్సిజన్‌ను ఇస్తాయి. మబ్బురోజున ఈ రాబడి తగ్గుతుంది. కాని జీవుల శ్వాసక్రియ రాత్రంతా ఆగదు. అందుకే మర్నాడు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవటం. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో చేపల చెరువుల రైతులు ముసురురోజుల్లో నిద్ర మానుకుని కాపలా కాసేది ఇందుకే. ఒక్క రాత్రిలో చెరువంతా పోవచ్చు.

చెరువులో ఒక్క రాత్రి వచ్చే ఈ కరువు ఒక నదిలో నెలల తరబడి ఉంటే? ఢిల్లీలో మయూర్ విహార్ పక్కన పారే యమున గతి ఇదే. చేపలకు లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు 22 కిలోమీటర్ల మేర మురుగు కలుస్తుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా ఆక్సిజన్‌నంతా వాడేస్తాయి. నిజాముద్దీన్ వంతెన వద్ద వేసవిలో అది తరచు సున్నాకు చేరుతుంది. వర్షాకాలపు వరద వస్తేనే కొంత ఊరట.

ఈసారి మబ్బు పట్టినప్పుడు మీ ఊరి చెరువు గట్టున నిలబడి చూడండి. చేపలు పైకి వస్తున్నాయా? అయితే అవి వానను చెప్పటం లేదు, నీటి ఆరోగ్యాన్ని చెబుతున్నాయి.