గోధుమ లేని బల్ల

పోషకాహార నిపుణుల మహాసభలలో ఉపన్యాసశాల ప్రక్కనే ప్రదర్శనశాల యుండును. అచ్చట గ్లూటెన్ లేని రొట్టెలు, బిస్కట్లు పేర్చి వైద్యులకు రుచి చూపుదురు. రొట్టె మెత్తగా నున్నదా యన్నది చిన్న సంగతి. ఆ బల్ల చెప్పవలసినది వేరొకటి కలదు.

గ్లూటెన్ అనగా గోధుమ, బార్లీ, రై ధాన్యములందలి మాంసకృత్తు. గోధుమపిండి సాగుటకు కారణ మిదియే. సీలియాక్ వ్యాధిగ్రస్తులలో ఇది శరీర రక్షణశక్తిని రెచ్చగొట్టి, చిన్నప్రేవులలోని నూగువంటి సూక్ష్మాంకురములను నశింపజేయును. అంతట తిన్న తిండి ఒంటబట్టదు, పిల్లలు ఎదుగరు, రక్తహీనత విడువదు.

నెదర్లండ్స్ శిశువైద్యుడు విల్లెం డికె యుద్ధమునకు ముందే గోధుమను శంకించెను. 1944-45 నాటి కరవు శీతకాలమున ఆ శంక బలపడెను. 1950లో యుట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమున దానిని నిరూపించెను.

అయితే, అనుమానము కలుగగానే రోగిచే గోధుమ మాన్పించుట పొరపాటు. గోధుమ మానినచో రక్తములోని ప్రతిరక్షకములు తగ్గును, ప్రేవుల పొర కోలుకొనును. వ్యాధి యున్నను పరీక్షకు దొరకదు. "పరీక్షలు ముగియువరకు గోధుమ మాన్పకుడు" అను పలకను రొట్టెలకంటె ముందు నిలుపవలెను. అమ్మకమునకు వచ్చినవారు అది నిలుపుదురా యన్నదే నా సందేహము.

అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము గ్లూటెన్ రహితమనుటకు కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదు. మన బియ్యము, జొన్న, రాగి, సజ్జలలో సహజముగా గ్లూటెన్ లేదు. కాని గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడించినచో ఆ మేలు దక్కదు. బజారులో దొరకు కూటు ఇంగువలో తరచు గోధుమపిండి కలిపియుందురు. ఆ డబ్బా నొకదానిని బల్లపై నుంచి, వెనుకనున్న చీటీని వైద్యులచే చదివింపవచ్చును.