జననం ఎక్కడో, నమోదు అక్కడే

తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. కాపురం బరంపురంలోనే అయినా పురుడు ఇచ్ఛాపురంలోనో, పలాసలోనో జరిగినచో, జనన ధ్రువపత్రం ఇక్కడి నగరపాలక సంస్థలో లభించదు. 1969 నాటి చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన ఊరి రిజిస్ట్రారు వద్దనే నమోదు జరగవలెను. ఆసుపత్రిలో ప్రసవమైతే ఆ సమాచారమిచ్చే బాధ్యత ఆసుపత్రిదే. ఇంటిలో అయితే ఇంటిపెద్దది. 21 రోజులలోపు రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తేవలసినదే.

బాలసారె కాలేదని ఆగనక్కరలేదు. పేరును ఏడాదిలోపు ఉచితంగా చేర్పించవచ్చును. ఇంటిపేరు ముందుండవలెనా, చివరనా అన్న తగవు మాత్రం అప్పుడే తేల్చుకోండి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరికకు, ఓటరు జాబితాకు, పాస్‌పోర్టుకు పుట్టినతేదీ రుజువు ఈ పత్రమే.